ఆయాసానికి టానిక్ రాసే ముందు ఒక్కసారి ఎకో తీయించండి

మా అక్కకు మూడేళ్ల పాటు ‘రక్తం తక్కువుంది’ అని టానిక్‌లు రాశారు. దేవరకొండ దగ్గర మా ఊళ్లో పత్తి చేనుకు పోతుంటే దారిలో రెండుచోట్ల కూర్చునేది. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి గోడకు ఆనుకునేది. ఒకాయన ఆస్తమా అన్నాడు, ఇంకొకాయన గ్యాస్ అన్నాడు. ఈసీజీ తీసి బాగానే ఉందన్నారు. ఆ కాగితాన్ని నమ్మి మేమూ గుండె సంగతే మరిచిపోయాం.

రెండో కాన్పు ఐదో నెలలో ఆయాసం ముదిరితే నల్లగొండ తీసుకెళ్లాం. అక్కడ డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విని, ‘ముందు టూడీ ఎకో తీయించుకు రండి’ అన్నది. అంటే గుండెకు తీసే స్కానింగ్. అక్కను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, జెల్ రాసి, పక్కటెముకల సందులో ప్రోబ్ ఆనించారు. స్క్రీన్ మా వైపు తిప్పి చూపించారు. గుండె ఎడమ పక్క పై గది నుంచి కింది గదికి రక్తం వదిలే మైట్రల్ వాల్వ్ రెండు రెక్కలూ అంచుల దగ్గర అతుక్కుపోయి, సగం తీసిన తలుపులా కొట్టుకుంటున్నాయి. ఆ సందు 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాలట. అక్కకు 1 కూడా లేదు.

‘చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరమొచ్చి కీళ్లు వాచినయా?’ అని అడిగిందామె. అమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఆరో తరగతిలో మోకాళ్లు వాచి అక్క నెలరోజులు బడికి పోలేదు. అది రుమాటిక్ జ్వరం. ఆ జ్వరమే తర్వాత వాల్వ్‌ను ఇలా చేసింది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. ఇరుకు వాల్వ్ దాటలేక అదంతా ఊపిరితిత్తుల మీద పడింది.

కడుపులో బిడ్డను చూడడానికి నెలలు లెక్కపెట్టుకుని స్కానింగ్‌కు తీసుకెళ్తాం. తల్లి గుండెను చూసేదీ అవే శబ్ద తరంగాలు. రేడియేషన్ లేదు, సూది లేదు. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు, లోహంలో పగుళ్లు వెతికే యంత్రాన్ని అరువు తెచ్చి గుండె కదలికను చూశారు. డెబ్బై ఏళ్లు దాటినా మా ఆడపిల్లల ఆయాసానికి ఇంకా టానిక్కేనా?

ఇంకో మాట. ఈసీజీ చూపేది గుండెలో కరెంటు నడకను. వాల్వ్ ఎంత తెరుచుకుంటోంది, గుండె ఎంత బలంగా పంపు చేస్తోంది, రక్తం వెనక్కి లీకవుతోందా అన్నది ఎకోలో, రక్తం పారే తీరు చూపే డాప్లర్‌లో తెలుస్తుంది. అట్లాగని ఎకో నార్మల్ వస్తే గుండె రక్తనాళాల్లో బ్లాకులు లేవని ధీమా పడకండి, వాటికి యాంజియోగ్రామ్ వేరే ఉంది. కాన్పు తర్వాత ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే కొబ్బరి నూనె రాస్తూ కూర్చోకండి. సిరలో గడ్డ ఉందేమో కాలి డాప్లర్‌లో చూడాలి.

అక్కకు హైదరాబాద్‌లో బెలూన్ వేసి వాల్వ్ తెరిచారు. తల్లీబిడ్డా బాగున్నారు. ఆ రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ మాత్రం తప్పదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్‌లో మెడికల్ కాలేజీలు వచ్చాయి, సంతోషం. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి దవాఖానాల్లో కూడా కనీసం వారానికి ఒక్కరోజు ఎకో తీయాలి. మెషిన్ కొని గదిలో పెట్టి తాళం వేస్తే కుదరదు. ప్రోబ్ కోణం కాస్త తప్పినా కొలత మారిపోతుంది, చేయి తిరిగిన మనిషి కావాలి. ఆ రోజున ఆయాసంతో వచ్చిన ప్రతి గర్భిణినీ ఆ బల్ల మీద పడుకోబెట్టి చూడాలి.