"కుక్కుకుని తింటే కండ వస్తుంది" అనే మాటకు జవాబు

బక్కగా ఉన్న కుర్రాళ్ళకి ఈ మధ్య అందరూ పంపుకుంటున్న సలహా ఒకటుంది. వీడియోని బట్టి మాటలు మారతాయి గానీ విషయం మాత్రం ఇదే: "నీకు కండ పట్టట్లేదంటే నువ్వు తినట్లేదు, అంతే. రోజుకి 4000 కేలరీలు, 200 గ్రాముల ప్రోటీన్, ఆకలి లేకపోయినా కుక్కుకో. అన్నం పప్పుతో కండ రాదు. ఒక్క రోజు కూడా జిమ్ మానకు. స్ట్రెస్, నిద్ర అనేవి బద్ధకస్తుల సాకులు."

దీన్ని నమ్మేది ఎవరంటే, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుకుంటూ హాస్టల్ మెస్‌లో తినేవాళ్ళు, నైట్ షిఫ్ట్ చేసి తెల్లవారాక పడుకునేవాళ్ళు. అసలే ముద్ద దిగని వాళ్ళకి తప్పంతా నీదే అని చెప్పడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

మొదట "తినట్లేదు, అంతే" అన్న మాట చూద్దాం. తినకుండా కండ రాదు, అందులో అనుమానం లేదు, కానీ ఆ "అంతే" దగ్గరే తేడా కొడుతోంది. 1999లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవైన్ బృందం 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజూ వాళ్ళ అవసరం కంటే 1000 కేలరీలు ఎక్కువ పెట్టింది. అందరికీ ఒకే లెక్కన ఎక్కువ పెట్టింది, అయినా ఒకరికి పెరిగిన కొవ్వు అర కిలో కూడా లేదు, ఇంకొకరికి నాలుగు కిలోలు దాటింది. కొందరి ఒంట్లో తిండి పెరిగే కొద్దీ తెలియకుండానే కదలిక పెరుగుతుంది, కాళ్ళు ఊపడం, లేచి తిరగడం, నిటారుగా కూర్చోవడం లాంటివన్నీ కలిసి ఆ కేలరీలని ఖర్చు పెట్టేస్తాయి. కాబట్టి "నేను బాగానే తింటున్నానురా" అని మీ ఫ్రెండ్ అంటే అబద్ధం చెప్తున్నాడని తేల్చేయకండి. ఒక వారం పాటు తిన్నది రాసుకోమనండి, బరువు చూసుకోమనండి, అది పెరగకపోతే తిండి కొంచెం పెంచమనండి.

ఆ కొంచెం ఎంత? 4000 మాత్రం కాదు. 55 కిలోలున్న కుర్రాడికి, ఓ మోస్తరుగా తిరుగుతుంటే, ఉన్న బరువు నిలవడానికి సుమారు 2200 కేలరీలు చాలు. దాని మీద రోజుకి 300 నుంచి 500 ఎక్కువ తింటే కండ పెరగడానికి కావాల్సినది అందుతుంది. ఒంట్లో కండ తయారయ్యే వేగానికి ఒక హద్దుంది, దాన్ని మించి తిన్నది పొట్ట చుట్టూ చేరుతుంది. పైగా నిన్నటి దాకా 1800 తిన్న కడుపుకి ఒక్కసారిగా 4000 వేస్తే వచ్చేది ఉబ్బరం, వికారం, నాలుగో రోజుకి తిండి అంటేనే భయం.

200 గ్రాముల ప్రోటీన్ సంగతి. కండ పెంచే వ్యాయామం చేసేవాళ్ళకి కిలో బరువుకి 1.6 గ్రాముల దగ్గరలో ఉంటే చాలని 2018లో చాలా అధ్యయనాలని కలిపి చూసిన విశ్లేషణ చెప్పింది, మరీ జాగ్రత్తగా ఉండాలనుకుంటే 2.2. అంటే మన 55 కిలోల కుర్రాడికి 88 గ్రాములు, మహా అయితే 120. ఇప్పుడు అన్నం పప్పుతో రాదన్నారు కదా, లెక్క వేద్దాం. రోజు మొత్తం మీద పావు కిలో బియ్యం అన్నంలో 18 గ్రాములు, గుప్పెడు కందిపప్పు, అంటే 60 గ్రాములు, ముద్దపప్పు చేస్తే 13, నాలుగు గుడ్లు 24, అర లీటరు పాలు లేదా పెరుగు 16, యాభై గ్రాముల పల్లీలు 12. ఇక్కడికే 83 అయింది. దీనికి 30 గ్రాముల మీల్ మేకర్ కూరలో వేసుకున్నా, కాస్త చికెన్ తిన్నా సరిపోతుంది. గుడ్డు తినని ఇళ్ళల్లో పెరుగు, పనీర్, మీల్ మేకర్ పెంచుకోవచ్చు. అన్నం శత్రువు కాదండీ, బరువులెత్తడానికి ఓపిక వచ్చేదే అక్కడి నుంచి. గెయినర్ డబ్బాలు, అంటే బరువు పెంచుతాయని అమ్మే పొడులు, కొనే ముందు వెనక రాసింది చదవండి, చాలా వాటిలో ముందుండేది మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే తేలిగ్గా అరిగే పిండిపదార్థం. ఆ డబ్బుతో నెలంతా పాలు, గుడ్లు వస్తాయి.

ఇక అసలు విషయం, స్ట్రెస్ సాకు అన్న మాట. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే తినలేకపోవడానికి చాలామందికి మూలం అక్కడే ఉంది. టెన్షన్ వచ్చినప్పుడు మెదడు విడుదల చేసే సీఆర్‌హెచ్ అనే హార్మోన్ ఆకలిని అణుస్తుంది, పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుంది. కొందరు టెన్షన్‌లో ఎక్కువ తింటారు, నిజమే, కానీ ఇంకొందరికి నోట్లో ముద్ద తిరుగుతూనే ఉంటుంది. రెండో రకం వాడికి కుక్కుకో అని చెప్తే కంచం ముందు కూర్చోవడం కూడా ఒక పరీక్ష అయిపోతుంది, ఇంకాస్త ఆకలి చస్తుంది. పైగా టిఫిన్ బదులు టీ, మధ్యాహ్నం ఇంకో టీ, జిమ్‌కి ముందు కాఫీ, ఇవన్నీ ఉన్న కాస్త ఆకలిని తినేస్తాయి.

తిండి వరకే కాదు. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో కాలేజీ విద్యార్థులు 12 వారాలు ఒకే రకం బరువుల వ్యాయామం చేశారు, జీవితంలో ఒత్తిడి తక్కువున్నవాళ్ళకి బలం ఎక్కువ పెరిగింది. నిద్ర సంగతైతే ఇంకా సూటిగా ఉంది: ఒక్క రాత్రి అసలు నిద్రపోకపోతే మర్నాడు కండలో ప్రోటీన్ తయారవడం 18 శాతం తగ్గిందని 2021లో తేలింది. దీన్ని సాకు అని ఎలా అంటాం?

మరి ఏం చేయాలంటే, పరీక్షల నెలలోనో ప్రాజెక్ట్ డెడ్‌లైన్ అప్పుడో జిమ్ తగ్గించండి. ఒక్క రోజు కూడా మానకు అన్నది తప్పుడు సలహా. 2011 నాటి అధ్యయనంలో కుర్రవాళ్ళు వారానికి ఒక్క రోజు మాత్రమే చేసి కూడా, దాదాపు ఏడెనిమిది నెలలు, సంపాదించుకున్న కండని నిలబెట్టుకున్నారు. మామూలు రోజుల్లో కూడా వారానికి మూడు రోజులు ఒళ్ళంతటికీ చేస్తే మొదట్లో చాలు.

తిండి విషయంలో పరిమాణం పెంచకుండా కేలరీలు పెంచే దారి చూడండి. పప్పన్నంలో రెండు చెంచాల నెయ్యి వేసుకుంటే కంచం సైజు మారదు. నమలడానికి ఓపిక లేని పూట పాలు, అరటిపండు, గుప్పెడు వేయించిన పల్లీలు మిక్సీలో వేసి తాగేయండి, తాగింది తిన్నదాని కంటే తేలిగ్గా దిగుతుంది. ఇంటి నుంచి ఏమైనా పంపమంటారా అని అమ్మ అడిగితే సున్నుండలు అడగండి, మినపప్పు, బెల్లం, నెయ్యి, ఒక్కోటి సైజుని బట్టి 150 నుంచి 200 కేలరీలు, హాస్టల్ గదిలో వారాల తరబడి పాడవవు. మూడు పెద్ద భోజనాలు పడకపోతే ఐదు చిన్నవి చేయండి. టీ తాగాలనుకుంటే తిన్న తర్వాత తాగండి.

ఇవన్నీ చేస్తున్నా బరువు పెరగకపోవడం ఒక ఎత్తు, మామూలుగా తింటూనే బరువు తగ్గిపోవడం ఇంకో ఎత్తు. అలా తగ్గుతుంటే, దాహం ఎక్కువగా ఉన్నా, గుండె దడ ఉన్నా, వారాల తరబడి దగ్గు, సాయంత్రం జ్వరం ఉన్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళి షుగర్, థైరాయిడ్, టీబీ పరీక్షలు చేయించుకోండి. రెండు వారాలుగా తిండీ నిద్రా రెండూ పోయి దేని మీదా మనసు నిలవకపోతే అది కూడా వైద్యం ఉన్న సమస్యే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.