మామునూరు నుంచి గన్నవరానికి పావుగంట

నిన్న విజయవాడలో మా మరదలి నిశ్చితార్థం. హనుమకొండ నుంచి బయలుదేరి, వరంగల్‌లో రైలెక్కి, డోర్నకల్ దాటుతుండగా మామగారి ఫోను వచ్చింది. ఆయన గన్నవరం విమానాశ్రయంలో, ప్రయాణికులు బయటికి వచ్చే ద్వారం ముందు, మా కోసం నిలబడి ఉన్నారు.

రెండు ఊళ్ల పేర్లు ఇస్తే విమాన దూరమూ, ప్రయాణ సమయమూ చెప్పే వెబ్‌సైటు ఒకదాన్ని మా బావమరిది ఆయనకు చూపించాడట. వరంగల్ పక్కనున్న మామునూరు నుంచి గన్నవరానికి తిన్నగా గీత గీస్తే సుమారు 200 కిలోమీటర్లు. దాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే పావుగంట. మామునూరు విమానాశ్రయం 1981లోనే మూతపడిందన్న చిన్న విషయం ఆ లెక్కకు అడ్డం రాలేదు. దాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చిందన్న వార్త చదివిన మామగారికి, అనుమతి వచ్చాక విమానం రావడానికి ఎంతసేపన్న ధీమా.

రైల్లో ఉన్నామన్న నా మాట నమ్మక ఆయన ఫోనును అక్కడి భద్రతా జవాను చేతికిచ్చారు. వరంగల్ విమానం ఏదని అతడు హిందీలో నన్నే అడిగాడు. సిగ్నల్ సరిగా అందక, “మామునూరులో విమానాలు లేవండీ!” అని నేను అరిచేసరికి బోగీ అంతా ఇటు తిరిగింది. ఎదుటి పెద్దాయన, అది నిజాం కాలంలో, 1930లో కట్టిన విమానాశ్రయమని మొదలుపెట్టారు. కిటికీ పక్క యువకుడు, శంషాబాదుకు 150 కిలోమీటర్ల లోపు మరొకటి రాకూడదన్న ఒప్పందమే ఇన్నేళ్లూ అడ్డుపడిందని అందుకున్నాడు. పల్లీలమ్మే అతడు బుట్ట దించి, రన్‌వే పొడిగిస్తే తన మేనమామ పొలం పోతుందా అని, ఆ ఫైలు నా సంచిలోనే ఉన్నట్టు నన్ను నిలదీశాడు. జవాను మాత్రం ఫ్లైట్ నంబరు చెప్పమంటూనే ఉన్నాడు. నా భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది; కూతురు కాబట్టి ఆమెకు చెల్లింది, అల్లుణ్ణి కాబట్టి నాకు ఆ వెసులుబాటు కూడా లేకపోయింది.

శంషాబాదు నుంచి గన్నవరానికి తిన్నగా కొలిస్తే సుమారు 260 కిలోమీటర్లే. అయినా టికెట్టు మీద దాదాపు గంట అని ఉంటుంది. ఏటీఆర్ వంటి చిన్న విమానాల వేగం గంటకు 500 కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది, పైగా రన్‌వే దాకా దొర్లడం, పైకెక్కడం, దిగడం, ఆగే చోటికి చేరడం అన్నీ ఆ గంటలోనే కలుస్తాయి. ఇవేవీ పట్టని వెబ్‌సైటు పావుగంట అంటే నమ్మిన మనిషి, కన్న కూతురు రైల్లో ఉన్నానంటే నమ్మలేదు.

స్టేషనుకు ఎవరూ రాలేదు. ఆటోలో ఇల్లు చేరేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది. పావుగంట ప్రయాణానికి అల్లుడు గారు మధ్యాహ్నం చేశారని వచ్చిన వారందరికీ ఫోను చూపిస్తున్న మామగారు, విమానాశ్రయం పార్కింగు రసీదు నా చేతిలో పెట్టి, “ఈసారి ఫ్లైట్ నంబరు ముందే పంపండి” అన్నారు.