చేస్తే 90 శాతం గుర్తుంటుందట, ఎవరు లెక్కేశారు?

మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో ఆ ఫార్వర్డ్ నిన్న మళ్ళీ వచ్చింది. చదివింది 10 శాతం, విన్నది 20, చేసింది 90 శాతం గుర్తుంటుందని అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ తేల్చాడట, మార్కెట్లో కూరలమ్మే పిల్లాడు బడికెళ్ళకుండానే లెక్కల్లో పులట, కాబట్టి క్లాసురూం దండగ, పిల్లల్ని బయట తిప్పితే చాలట. కింద బోలెడు దండాల ఎమోజీలు.

ఆ శాతాల సంగతి ముందు. డేల్ 1946లో నేర్చుకునే పద్ధతుల మీద శంకువు బొమ్మ గీసిన మాట నిజమే, అడుగున చేతులతో చేసేవి, పైన మాటలు అని పేర్చాడు, కానీ అందులో ఒక్క శాతమూ లేదు, అంకెలు తర్వాతెవరో అతికించారు. అయినా 10, 20, 30 అని మెట్లు కట్టినట్టు కొలతలు ఎక్కడొస్తాయండీ, మా కరెంటు బిల్లే అంత గుండ్రంగా రాదు.

మార్కెట్ పిల్లాడి మాటలో సగం నిజముంది, మిగతా సగం మింగేశారు. 2025లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వాళ్ళ టీమ్ అధ్యయనం వచ్చింది, కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో అమ్మే 1,436 మంది పిల్లల మీద. బేరం లెక్కలు నోటితో చేసేసే ఈ పిల్లల్లో చాలామంది బడిలో ఇచ్చే మామూలు లెక్క దగ్గర ఆగిపోయారు. బడిపిల్లలది రివర్సు, పనిచేసే పిల్లల్లో మూడో వంతుకు పైగా చేసిన మార్కెట్ లెక్కని వీళ్ళలో 1 శాతమే చేయగలిగారు. ఇందులో బడి తప్పుంది, ఒప్పుకుంటా, కానీ బడి మాన్పించమని దీన్నుంచి ఎలా వస్తుంది?

మా పాప నాలుగో క్లాసు. బెంగళూరు మడివాళ మార్కెట్లో టమాటా కిలో 60, ముప్పావు కిలో ఎంతే అంటే ఆకాశం చూస్తోంది. అమ్మే ఆవిడ, మాలూరు వైపు తెలుగావిడే, "అరకిలో ముప్పై, పావు పదైదు, నలభై ఐదు పాపా" అని నవ్వింది. ఇంటికొచ్చి 60లో 3/4 వంతు అని రాసిస్తే అర నిమిషంలో చేసేసింది! రెండూ పక్కపక్కన పెట్టాక "అదీ ఇదీ ఒకటేనా అమ్మా" అంది, ఆ మాట అనడానికి నేను పక్కన కూర్చోవాల్సొచ్చింది.

ఇక బయట తిప్పడం. కస్తూర్బా రోడ్డు విశ్వేశ్వరయ్య మ్యూజియానికి మేమూ పోతాం, పాప కనిపించిన బటనల్లా నొక్కి, రైట్ సోదరుల విమానం నమూనా దగ్గర ఫొటో దిగి, బయటికొచ్చి మొక్కజొన్న అడుగుతుంది. విమానం ఎట్లా ఎగురుతుందే అంటే "ఫ్యాన్ ఉంది కదా" అంది. ఆ ఫ్యాన్ మీద ఇంట్లో రెండ్రోజులు వాదన నడిచింది, కాగితం విమానాలు సోఫా కింద ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.