నిద్ర ఎక్కడిదండీ!

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. వార్త చదివిన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "ఐటీ వాళ్లు నిద్రపోతున్నారా?" నిద్ర ఎక్కడిదండీ! ఒక్కో మెషీన్ ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి (విండోస్ కనీస హంగులతో మాత్రమే నడిచే పద్ధతి) వెళ్లి ఆ అప్‌డేట్‌తో వచ్చిన పాడు ఫైలు తీసేయాలి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఒక్క అంకె తప్పినా తాళం తెరుచుకోదు. అదీ ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో కీ! మా కుర్రాళ్లు రెండు రాత్రులు ఇంటి మొహం చూడలేదు. మా బావమరిది ఫోన్ చేసి, "రీస్టార్ట్ చేస్తే పోయేదానికి ఇంత హడావుడేంటి బావా?" అన్నాడు. అప్పటికి నేను అన్నం తిని పద్నాలుగు గంటలైంది.