ఏడాదికోసారి దర్శనమిచ్చే అప్రైజల్ ఫారం గారికి

అయ్యా,

మీరు మళ్ళీ వచ్చారు. నిరుడు వెళ్ళేటప్పుడు నాకు 5కి 3 వేయించి, పక్కన "చొరవ పెరగాలి" అని రాయించి వెళ్ళారు. ఎంత పెరిగితే చాలో, దాన్ని ఏ కొలపాత్రతో కొలుస్తారో అడుగుదామనుకునేలోపే మీ తలుపులు మూసుకున్నాయి. ఆ తర్వాత ఏడాదిపాటు ఎవరూ మీ పేరెత్తలేదు, నా చొరవ సంగతీ ఎత్తలేదు. అందుకే ఈసారి మీ గడులు నింపే ముందు ఈ ఉత్తరం.

ఉద్యోగుల పనితీరు మెరుగుపరచడానికే పుట్టానని మీరు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో చెప్పుకున్నారు. ఆ పని ఎలా చేయాలో చెప్పే శాస్త్రం ఒకటుంది, ప్రవర్తనా విశ్లేషణ అంటారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలతో చేసిన ప్రయోగాలను 1938లో ప్రచురించాడు. వాటి సారం ఇంతే: ఒక పని చేసిన వెంటనే ఏం జరిగిందన్న దాన్నిబట్టి ఆ పని మళ్ళీ చేస్తామో మానేస్తామో తేలుతుంది. "వెంటనే" అన్న మాట దగ్గర మీరు తల దించుకుంటారని ఆశిస్తున్నాను. ఆయన ఎలుక మీట నొక్కితే తిండి గుళిక అప్పుడే పడేది. అదే మీ చేతికిచ్చి ఉంటే, నొక్కిన పదకొండు నెలలకు ఎలుకను గదిలోకి పిలిచి, "మొత్తమ్మీద మీ నొక్కుడు సంతృప్తికరం" అని చెప్పి పంపేవారు.

చిత్రగుప్తుడు కూడా చిట్టా చివర్లోనే విప్పుతాడు కదా అంటారేమో. ఆయన ఏ రోజుది ఆ రోజు రాసుకుంటాడండీ! మీకు గుర్తుండేది మీరు వచ్చే ముందు మూడు వారాలు మాత్రమే. మాలో ఒకరు ఏడాది మొదట్లో సర్వర్ కూలిపోతే తెల్లవార్లూ కూర్చుని నిలబెట్టారు. ఆయనే మొన్న ఒక మెయిల్‌కు జవాబివ్వడం ఒక రోజు ఆలస్యం చేశారు. రెండింటిలో మీ గడిలోకి ఏది ఎక్కిందో చెప్పాలా?

ఆగ్డెన్ లిండ్స్లీ అనే ప్రవర్తనా శాస్త్రవేత్త 1960లలో ఒక చమత్కారమైన పరీక్ష కనిపెట్టాడు. శవం చేయగలిగినదేదీ ప్రవర్తన కాదు అన్నాడు. ఒక సాయంత్రం ఆ పరీక్ష మీకే పెట్టి చూశాను. "ఫిర్యాదులు రాకుండా చూసుకున్నారా?" శవానికి ఎప్పుడూ రావు. "సహోద్యోగులతో ఘర్షణ పడకుండా ఉన్నారా?" అంతకన్నా శాంతమూర్తి ఎవరు? "గోప్య సమాచారం బయటపెట్టలేదు కదా?" ప్రాణం పోయినా పెట్టదు. మీ నాలుగో పేజీలో శవానికి నాకన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. చచ్చినవాడి కళ్ళు చారెడంటే ఏమో అనుకున్నాను. ఇక మిగతా పేజీలన్నీ "సానుకూల వైఖరి", "బాధ్యతాయుత దృక్పథం", ఇంకా మన పాత స్నేహితురాలు చొరవ. వీటిని ఎవరైనా చేస్తుండగా మీరు చూశారా? పొద్దున ఎన్ని చేశారు, సాయంత్రం ఎన్ని చేశారు? కంటికి కనిపించి లెక్కకు అందేదే ప్రవర్తన. కనిపించని దానికి మార్కులు వేయడాన్ని జాతకం చూడడం అంటారు.

మీ జాతి అంతా ఇంతేనని అనను. ఎమరీ ఎయిర్ ఫ్రైట్ అనే అమెరికా రవాణా సంస్థలో మీ దూరపు చుట్టం ఒకడు పనిచేశాడు. చిన్న పార్సెళ్ళను కలిపి పెద్ద కంటైనర్లలో పంపితే సంస్థకు డబ్బు మిగులుతుంది. అలా కుదిరిన సందర్భాల్లో నూటికి తొంభైసార్లు అలాగే పంపుతున్నామని అందరి నమ్మకం. ఎడ్వర్డ్ ఫీనీ అనే అధికారి లెక్క తీయిస్తే 45 శాతమే తేలింది. అప్పుడాయన ఎవరికీ చొరవ గురించి ఉపన్యాసమివ్వలేదు. పనివాళ్ళ చేతికి ఒక చెక్‌లిస్టు ఇచ్చాడు. ఎవరి పని వాళ్ళే అందులో గుర్తు పెట్టుకోవాలి, పెరిగిన కొద్దీ పై అధికారి మెచ్చుకోవాలి. వాడకం 95 శాతానికి చేరింది. ఆ చుట్టం కూడా కాగితమే, అతనికీ గడులే. కాకపోతే పని జరిగే చోట, పని జరిగే రోజున ఉన్నాడు.

ఇంకొకటి కూడా చెబుతాను, ఇది మీకు నచ్చకపోవచ్చు. జుడిత్ కొమాకి బృందం 1978లో ఒక బేకరీ కర్మాగారం మీద అధ్యయనం ప్రచురించింది. సురక్షితంగా పనిచేయడమంటే ఏమిటో కంటికి కనిపించే పనులుగా విడగొట్టి, ఎంత శాతం పాటిస్తున్నారో గోడ మీద గ్రాఫు గీసి పెట్టారు. రెండు విభాగాల్లో 70, 78 శాతం ఉన్నవి 96, 99కి చేరాయి. గ్రాఫు చూపించడం ఆపగానే 71, 72కి జారిపోయాయి. మనుషులు అప్పటివాళ్ళే, వాళ్ళ వైఖరులూ దృక్పథాలూ అప్పటివే. గోడ మీది కాగితమొక్కటే లేదు. ఆ అధ్యయనం చదివిన రోజు నా 3 వైపు కాస్త తేలికగా చూడగలిగాను.

ఎంతమంది బాగా పనిచేసినా 5లు ఇద్దరికే ఇవ్వాలన్న మీ బెల్ కర్వ్ గురించి ఏమీ అనను. దాని గురించి మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

అయినా పనికిరాని యంత్రాన్ని ఏ కార్యాలయమైనా ఇన్నేళ్ళు ఉంచుకుంటుందా? మీరెలా బతికి ఉన్నారన్నది నన్ను చాలాకాలం వేధించింది. జవాబు నిన్న దొరికింది. మీరు వచ్చిన రోజు నుంచి నాకు పొద్దునొకటి, సాయంత్రమొకటి రిమైండర్ మెయిళ్ళు వస్తున్నాయి. నింపి పంపిన వాళ్ళకు మాత్రం అదే క్షణంలో ఆగిపోతున్నాయి. ఒక పని చేయగానే పోరు వదిలి, దానివల్ల ఆ పని మళ్ళీ చేయడాన్ని రుణాత్మక పునర్బలనం (నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్) అంటారు. (ఇది శిక్ష కాదు. మా మేనేజరుకు ఈ తేడా మూడేళ్ళుగా చెబుతున్నాను. చొరవంటే ఇది కాదట.) ఫలితం వెంటనే, తప్పకుండా, ఎవరికి వారికి విడిగా. స్కిన్నర్ చూస్తే చప్పట్లు కొట్టేవాడు. అంటే శాస్త్రం మీకు తెలియకపోలేదు. ఉన్న శాస్త్రమంతా మిమ్మల్ని నింపించుకోవడానికే ఖర్చుపెట్టేశారు. నా పని దగ్గరకు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

ఇది రాస్తుండగానే సాయంత్రం మెయిల్ వచ్చింది, ఈసారి ఎర్ర అక్షరాలతో. సరే. చొరవ ఎదురుగా నాకు నేనే 4 వేసుకున్నాను, సానుకూల వైఖరికీ 4. బలహీనతల గడిలో "అతిగా శ్రద్ధ పెట్టడం" అని నిరుడు రాసిందే మళ్ళీ రాశాను. మీట నొక్కుతున్నాను.

మెయిళ్ళు ఆగాయి.

ఇట్లు,
మీ 3 మార్కుల ఉద్యోగి