దీపం పెట్టే దిక్కు లేని డ్రిల్ హాల్

జోహన్నెస్‌బర్గ్ నడిబొడ్డున, నూర్డ్ స్ట్రీట్ మినీబస్సుల అడ్డా దగ్గర ఒక పాత సైనిక డ్రిల్ హాల్ ఉంది. బ్రిటిషువాళ్ళకూ డచ్చి సంతతి బోయర్లకూ మధ్య జరిగిన బోయర్ యుద్ధం ముగిసిన రెండేళ్ళకు, 1904లో, ఆ ప్రాంతమైన ట్రాన్స్‌వాల్ వాలంటీరు దళాల కవాతుల కోసం కట్టారు. రేకుల కప్పు, కింద గోదాములాంటి పెద్ద చావడి. నిలబడి చూసి మురిసిపోయే పనితనం అందులో లేదు. అయినా దక్షిణాఫ్రికాలో కాపాడుకోవలసిన సైనిక భవనం ఒక్కటి చెప్పమంటే నేను దీని పేరే చెబుతాను.

కారణం 1956 డిసెంబరు. ఆ నెల 5న తెల్లవారుజామున మొదలైన అరెస్టుల్లో, వర్ణవివక్షను ఎదిరించిన 156 మందిని దేశద్రోహం కింద పట్టుకున్నారు. రుజువైతే ఉరిశిక్ష దాకా పడొచ్చు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు లుతులి, మండేలా, మహిళా నాయకులు హెలెన్ జోసెఫ్, లిలియన్ న్గోయి, తూర్పు తీరంలోని నటాల్ నుంచి భారతీయుల నాయకుడు మాంటీ నాయకర్ అందరూ నిందితులే. భారత సంతతివాళ్ళు 21 మంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నటాల్ చెరకు తోటలకు పోయిన కూలీల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు కాబట్టి ఈ కథ మనకు మరీ పరాయిది కాదు.

ఇంతమంది పట్టే కోర్టు లేక ప్రభుత్వం డ్రిల్ హాల్ తలుపులు తెరిచింది. మొదటి రోజు మైకులు లేక ఎవరికీ ఏమీ వినపడలేదు. మర్నాడు వచ్చేసరికి నిందితుల కోసం ఇనుప వల బిగించిన బోను సిద్ధంగా ఉంది. లోపల కూర్చున్నవాళ్ళలో ఒకరు కాగితం మీద ‘ప్రమాదకరం, దయచేసి మేత వేయకండి’ అని రాసి వలకు తగిలించారు. ఇలాగైతే వాదించం, వెళ్ళిపోతామని లాయర్లు పట్టుబట్టాక బోను విప్పించారు. ఆ రోజుల్లోనే బయట గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇక సాక్ష్యాలంటారా, 1955లో జోహన్నెస్‌బర్గ్ దగ్గరి క్లిప్‌టౌన్‌లో, అన్ని జాతులకూ సమాన హక్కులు కోరిన స్వేచ్ఛా ప్రణాళికను ఆమోదించిన ప్రజా మహాసభ వంటశాల నుంచి ఎత్తుకొచ్చిన రెండు బోర్డులు కూడా ఉన్నాయి. ఒకదాని మీద ‘మాంసం వేసిన సూప్’, రెండోదాని మీద ‘మాంసం లేని సూప్’. ఉరికంబం ఎక్కించగల కేసులో ఇవీ సాక్ష్యాలే!

నన్ను కదిలించేది ఇంకొకటి. సభలు పెట్టకూడదు, ఊరు దాటకూడదు అని ఆంక్షలు వేసి ఎవరినైతే విడదీసి ఉంచారో, వాళ్ళందరినీ సర్కారే ఒక కప్పు కింద కూర్చోబెట్టింది. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, భారతీయులు, మిశ్రమ జాతివాళ్ళు ఏడాదికి పైగా పక్కపక్కన కూర్చున్నారు, ఆలోచనలు పంచుకున్నారు. 1961 మార్చి 29న చివరిదాకా విచారణలో మిగిలినవాళ్ళు కూడా నిర్దోషులుగా బయటపడ్డారు. వర్ణవివక్షను ఓడించిన ఐక్యత గట్టిపడిన చోట్లలో ఈ కవాతు చావడి ముఖ్యమైనదని నా నమ్మకం.

అలాంటి చోటును ఏం చేశారు? సైన్యం ఖాళీ చేశాక దిక్కులేని జనం తలదాచుకున్నారు, మంటలు అంటుకున్నాయి. 2004లో బాగుచేసి తెరిచారు. అదే ఏడాది అదే నగరంలో, ఈ నిందితులను నిర్బంధించిన ఓల్డ్ ఫోర్ట్ జైలు ఆవరణలో రాజ్యాంగ న్యాయస్థానం కొత్త భవనం మొదలైంది. జైల్లో పడగొట్టిన భాగం ఇటుకలను కొత్త కోర్టు కట్టడంలో వాడారు. జైలుకు రోజూ పని ఉన్న సంస్థ దొరికింది. డ్రిల్ హాల్‌కు అంత గట్టి ఆసరా దొరకలేదు. 2008లో కెలెకెట్లా అనే లైబ్రరీ పెట్టిన కళాకారులు చుట్టుపక్కల పిల్లల్ని చేరదీసి కొన్నేళ్ళు నిలబెట్టారు. వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ పాడుబడింది.

నిలువ నీడ లేని జనం ఉన్న ఊళ్ళో పాత గోడలకు డబ్బెందుకు అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ లైబ్రరీకి వచ్చింది కూడా ఆ పేదవాడల పిల్లలే కదా.

అసలు జబ్బు జోహన్నెస్‌బర్గ్‌ది మాత్రమే కాదు. ఎక్కడైనా రిబ్బన్ కత్తిరించడానికి డబ్బు ఉంటుంది, మర్నాటి కరెంటు బిల్లుకు ఉండదు. శిలాఫలకం మీద పేరు పడ్డాక నాయకుడికి ఆ భవనంతో పని తీరిపోతుంది. దేశద్రోహం కేసు నడిచిన చోట ఉచిత న్యాయ సహాయ కేంద్రం పెట్టండి. మినీబస్సు డ్రైవర్లు, వీధి వ్యాపారులు తమ గోడు చెప్పుకోవడానికి నడిచి వచ్చేంత దగ్గర. సాయంత్రాలు పిల్లలకు చదువుకునే గది తెరవండి. వాచ్‌మన్ జీతం, కరెంటు, నీళ్ళ ఖర్చు ఏటా బడ్జెట్‌లో ఒక పద్దుగా రాయండి.