పొడవు కొలిచారు, వెడల్పు వదిలేశారు

విజయనగరం గంటస్తంభం దగ్గర సాయంత్రం ఆరు దాటాక పెద్ద కారు ఒకటి వెనక్కి తిరగాలంటే ముగ్గురి సాయం కావాలి. ఒకాయన వెనక నిలబడి "లెఫ్ట్ కొట్టండి బాబూ, ఇంకా కొట్టండి" అంటుంటాడు. బట్టల కొట్టు కుర్రాడు స్కూటీలను ఒక్కొక్కటే పక్కకి జరుపుతాడు. మూడో మనిషి అరటిపళ్ల బండి తోసుకుని దారిస్తాడు, పైగా తిట్లు కూడా ఆయనకే. ఇంతా చేస్తే కారులో ఉన్నది ఇద్దరే. అద్దాలు మడిచి, తలుపు సగం తెరిచి, గోడకు ఒరుసుకుంటూ దిగుతారు.

వీధి పాతదే. దుకాణాల అరుగులు ముందుకొచ్చిన మాట నిజమే కానీ అది ఇంకో సంపాదకీయానికి సరిపడా సంగతి. ఇక్కడ మాట్లాడాల్సింది కారు గురించి. ఒక తరానికి కారంటే మారుతి 800. దాని వెడల్పు 1.44 మీటర్లు. ఇప్పటి బ్రెజా 1.79 మీటర్లు, స్కార్పియో-ఎన్ 1.9 మీటర్ల పైమాటే, అద్దాలు కలపకుండానే. అంటే బండికి అడుగున్నర దాకా పెరిగింది. ఎదురెదురుగా రెండొస్తే మూడడుగులు. ఆ మూడడుగుల్లోనే ఇదివరకు ఒక సైకిలు వెళ్లేది, లేదా కూరల సంచీతో ఒక మనిషి నడిచేది. అంబాసిడర్ మాత్రం చిన్నదా అని పెద్దలు అడగొచ్చు. అది పొడవైన బండే, వెడల్పు మాత్రం 1.7 మీటర్లు దాటలేదు. ఆ రోజుల్లో అవి ఊరు మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

కార్లు ఎందుకిలా పెరుగుతున్నాయంటే చాలామంది జనం మోజు అంటారు. మోజు ఉంది, కాదనం. కానీ దానికి దారి చూపించింది ప్రభుత్వం చేతిలోని టేపు. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే పొడవు 4 మీటర్లు దాటకూడదు, ఇంజిను పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకూడదు. వెడల్పు ప్రస్తావన లేదు. ఎత్తు లేదు, బరువూ లేదు. తర్వాత ఏం జరిగిందో డిజైర్‌ను చూస్తే తెలుస్తుంది. 2008లో 4.16 మీటర్ల పొడవుతో వచ్చిన బండి 2012లో డిక్కీ కురచ చేయించుకుని 3.995 మీటర్లకు దిగింది. గీతకి అర సెంటీమీటరు ఇవతల. బ్రెజా పొడవూ సరిగ్గా అంతే. ముందుకీ వెనక్కీ పెరగనివ్వకపోతే పక్కకీ పైకీ పెరుగుతుంది మరి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఈ గీతకి లోపల 18 శాతం, దాటితే 40 శాతం అయింది. రేట్లు మారాయి, టేపు మాత్రం అదే.

ఇంధన పొదుపు నిబంధనలదీ అదే వరస. కంపెనీ అమ్మే కార్ల సగటు బరువు పెరిగితే, వాటికి అనుమతించే కార్బన్ డయాక్సైడ్ మోతాదూ పెరుగుతుంది. లావెక్కినవాడికి రేషన్ పెంచినట్టు. ఈ తిరకాసు మనం కనిపెట్టింది కాదు. అమెరికా 1975లో ఇంధన చట్టం తెచ్చి, తేలికపాటి ట్రక్కులకు సడలింపులిచ్చింది. కంపెనీలు ట్రక్కు లెక్కలోకి వచ్చే బండ్లనే కుటుంబాలకు అమ్మడం మొదలుపెట్టాయి. ఎస్‌యూవీల ఊపు వెనక అదొక పెద్ద కారణం.

పెద్ద కారు కొన్నవాళ్లందరినీ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకి పాత మారుతిలోకి వంగి కూర్చోవడం కంటే ఎత్తు సీటు ఎంతో సుఖం. సాలూరు ఘాట్ ఎక్కేవారికి, వానాకాలం పల్లె రోడ్ల మీద తిరిగేవారికి గ్రౌండ్ క్లియరెన్స్ అవసరమే. తలుపుల్లో అడ్డ కమ్మీలు, ఎయిర్‌బ్యాగులు, గుద్దినప్పుడు దెబ్బను మింగే ముందుభాగం, వీటన్నిటికీ చోటు కావాలి. మారుతి 800 తలుపు రేకు మందం గుర్తున్నవాళ్లెవరూ ఆ రోజులే బాగున్నాయని అనరు.

కానీ మిగతాదంతా పోటీ. పైడితల్లి జాతరలో సిరిమాను చూడ్డానికి వెళ్లినప్పుడు ముందున్నాయన పిల్లాణ్ణి భుజాలకెత్తుకుంటే వెనకాయనా ఎత్తుకుంటాడు. కాసేపటికి అందరి భుజాల మీదా పిల్లలే, ఎవరికీ ఏమీ కనపడదు. రోడ్డు మీదా ఇంతే. ఎదురొచ్చేది పెద్ద బండైతే మనదీ పెద్దదే ఉండాలన్న భయం. షోరూముల్లో దీనికి 'రోడ్ ప్రెజెన్స్' అని పేరు. కంపెనీలకీ చిన్న కారు మీద కంటే పెద్ద బండి మీదే ఎక్కువ మిగులుతుంది. 2024-25లో దేశంలో అమ్ముడైన సుమారు 43 లక్షల ప్రయాణికుల వాహనాల్లో 28 లక్షలు ఎస్‌యూవీల్లాంటి యుటిలిటీ తరహావే.

ఈ పోటీలో లేనివాళ్ల సంగతి? 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో ద్విచక్ర వాహనాల వాళ్లు 44 శాతం పైన, నడిచేవాళ్లు 19 శాతం పైన. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో హైవే భద్రత మీద పనిచేసే పరిశోధన సంస్థ 2023లో ఒక లెక్క చెప్పింది. బానెట్ 40 అంగుళాల కంటే ఎత్తున్న బండి తగిలితే, 30 అంగుళాల లోపు వాలు బానెట్ బండితో పోలిస్తే పాదచారి చనిపోయే అవకాశం 45 శాతం ఎక్కువట. నలభై అంగుళాలంటే ఒకటో తరగతి పిల్లాడి గడ్డం దాకా వస్తుంది. స్టీరింగ్ ముందు కూర్చున్నాయనకి ఆ పిల్లాడి తల కూడా కనపడకపోవచ్చు.

కాబట్టి కేంద్రం తన టేపును అడ్డంగా కూడా పట్టాలి. చిన్న కారు నిర్వచనంలోకి వెడల్పు, బరువు, ముందుభాగం ఎత్తు రావాలి. జపాన్ తన బుల్లి 'కే' కార్లకు 3.4 మీటర్ల పొడవుతో పాటు 1.48 మీటర్ల వెడల్పు హద్దు కూడా పెట్టింది. అక్కడ చిన్న కారంటే నిజంగానే చిన్నది. మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ బండి ధర చూసి వేస్తున్నారు. అది ఆక్రమించే చోటునీ చూడాలి. పారిస్ 2024లో ఓటింగ్ పెట్టి మరీ బయటి నుంచి వచ్చే బరువు కార్ల పార్కింగ్ రుసుము మూడింతలు చేసింది. విజయనగరానికి అంత అక్కర్లేదు. కోట నుంచి మూడు లాంతర్ల కూడలి దాకా పార్కింగ్ గళ్లు గీసి, గడి దాటిన బండికి రెండు గళ్ల డబ్బులు వసూలు చేస్తే చాలు. సిరిమాను తిరిగే దారి అదే. దసరా తర్వాతి మంగళవారం కోసం ఎలాగూ అడ్డాలు తీయించి రోడ్డు ఖాళీ చేయిస్తారు. కార్పొరేషన్ ఆ గీతలు గీయడానికి బుధవారం ఉదయం కంటే మంచి ముహూర్తం దొరకదు.